పసుపు పొట్లాల బండి

తిరుత్తణిలో మాది షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే అంగడి. పెళ్ళయినా, చెవులు కుట్టినా, ఎవరైనా పోయినా మా అండాలు వెళ్ళాల్సిందే. అండా అంటే ఊరి విందుకు సరిపడా అన్నం ఉడికే పెద్ద పాత్ర. పళ్ళిపట్టు పక్క పల్లె నుంచి కోడలుగా వచ్చిన నాటి నుంచి నేను వాటి మధ్యే తిరుగుతున్నాను. మా వీధి పెద్దమనిషికి పేదల ఆకలి గుర్తొచ్చినప్పుడు ఆయన నేరుగా మా ఇంటికే వచ్చాడు. అందుకు కారణం నా మంచితనం కాదు, ఆ అండాలు.

ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన కొత్తలో వీధి కుక్కల మీద పడ్డాడు. అవి లొంగలేదు. తర్వాత పట్టుబట్టి మా వీధిలో స్పీడు బ్రేకరు వేయించాడు. దాని మీద మొట్టమొదట బోర్లా పడింది ఆయన స్కూటరే. కాలు బాగయ్యేదాకా ఇంట్లో కూర్చుని ఆలోచించి, లేచాక ఆకలి మీద పడ్డాడు. వీధిలో అందరం ఆయన్ని ప్రెసిడెంటన్న అంటాం. దేనికి ప్రెసిడెంటో ఎవరూ అడగరు.

మొదటి మీటింగు మా మిద్దె మీద జరిగింది. వీధి ఆడవాళ్ళం కొందరం చాప మీద కూర్చున్నాం. ఆయనకు మాత్రం మా అంగడి కుర్చీ, పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర కుర్చీ, వేశాం. ఆయన భార్యను మేమంతా అక్క అంటాం. ఆమె ఒక మూల కూర్చుని కరివేపాకు దూస్తోంది. భర్త మాట్లాడుతున్నప్పుడు వినడం ఆమె ఎప్పుడో మానేసింది. వాళ్ళ కాపురం అంత సాఫీగా సాగడానికి అదే కారణమని మా వీధిలో అందరి నమ్మకం.

"ఊరికే ఇస్తే విలువుండదు," అన్నాడు ప్రెసిడెంటన్న. "పొట్లానికి పది రూపాయలు పెడదాం. ఇది దానం గాదు, ఆత్మగౌరవం."

"పది రూపాయలకు ఏమొస్తాదన్నా?" అని అడిగాను.

"లెమన్ సాదం వస్తాది. నిమ్మకాయన్నం చెడిపోదు, ఒలికిపోదు, దానికి కూర అడగరు."

ఈ మూడు గుణాల్లో రుచి అనే మాట లేదు. అయినా మొదటివారం అన్నం బాగానే చేశాం. చెనిక్కాయ విత్తనాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి తాళింపు పెట్టి, అరటాకులో కట్టి, పైన పేపరు చుట్టి, దారంతో బిగించాం. మా అత్త ఒక పొట్లం విప్పి తిని, దీంతో పెళ్ళే చేయొచ్చు అన్నది.

తర్వాత్తర్వాత ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చింది. పళ్ళులేని ముసలివాళ్ళకు ఇబ్బందని చెనిక్కాయలు పోయాయి. ఎండాకాలం నిమ్మకాయలు ధర పెరిగి పిరమయ్యేసరికి నిమ్మకాయలు పోయి నిమ్మ ఉప్పు వచ్చింది. అరటాకు పోయి ప్లాస్టిక్ పూత కాగితం వచ్చింది. అసలు ఉప్పు కూడా సగానికి తగ్గించమన్నాడు, పేదవాళ్ళకు బీపీ రాకూడదని. వీటన్నిటి లోటు తీర్చడానికి పసుపు పెంచాం. ఎంత తగ్గించినా తగ్గనిది స్టిక్కరొక్కటే. పొట్లం మీద అంటించే ఆ స్టిక్కరులో వయసులో ఉన్నప్పటి ప్రెసిడెంటన్న రెండు చేతులు జోడించి నవ్వుతుంటాడు. మొదట అది అగ్గిపెట్టెంత ఉండేది. నిమ్మకాయలు పోయే నాటికి పోస్టుకార్డంత అయింది.

పొట్లాలు ఎవరికివ్వాలన్నది ఇంకో చిక్కు. ముందు మా ఊరి గుడి కొండ మెట్ల దగ్గర కూర్చునేవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళారు. అక్కడొక ముసలాయన పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఈ పొద్దు కిరుత్తిక సామీ, గుళ్ళో పెద్ద పూజ. పైనుంచి చక్కెర పొంగలొస్తాది. మీరు బుధవారం రాండి," అన్నాడంట. పది రూపాయలని చెప్పగానే ఆయన పొట్లం కింద పెట్టేశాడంట. "నేను అడుక్కునేవాణ్ణి. నన్ను మీరడుగుతారా?"

ప్రెసిడెంటన్న దిగి వచ్చి, "వాళ్ళు నిజమైన పేదోళ్ళు గాదు," అని తేల్చాడు. ఆ తర్వాత కొన్ని వారాలు నిజమైన పేదవాళ్ళను వెతికాడు. బస్టాండులో దొరకలేదు, మార్కెట్లో దొరకలేదు. అండా నిండా అన్నం పెట్టుకుని ఆకలైనవాడు కనిపించక తిరిగిన రోజులవి. చివరికి ఎవరో తిరువళ్ళూరు పెద్దాసుపత్రి సంగతి చెప్పారు. అక్కడ పడకకొక మనిషి చొప్పున తోడున్నవాళ్ళు వరండాల్లో పడి ఉంటారు, రోగికి ఆసుపత్రి కూడు పెడతారు గాని తోడున్నవాళ్ళకు పెట్టేవాళ్ళు లేరు అని. ఆయన ముఖం వెలిగిపోయింది. తెలిసినవాళ్ళ కుట్టి యానై, అదే, సామాన్లు వేసుకెళ్ళే చిన్న బండి, మాట్లాడి, దానికొక మైకు కట్టించాడు.

అక్కడ జరిగేదంతా అక్క వచ్చి చెప్పేది. నేను బండెక్కి వెళ్ళింది లేదు. వంటయ్యాక అండాలు తోమించి అంగడికి చేర్చే పని నాది. ప్రెసిడెంటన్న ముందు మైకులో అన్నం విలువ గురించి మాట్లాడతాడంట. తర్వాత లైను వెంబడి నడుస్తూ ఎవరికి అవసరమో, ఎవరికి లేదో కంటితోనే తేలుస్తాడంట. ఒకామెను పట్టుకుని, "చెవులకు కమ్మలుండాయి, చేతిలో సెల్లుండాది, నీకెందుకు పొట్లం?" అన్నాడంట.

"కమ్మలు తింటే కడుపు నిండుతాదా సార్?" అన్నదంట ఆమె.

నోరు జాస్తి అని ఆమెను లైను చివరికి పంపించాడంట.

ఇలా సాగుతుండగా మా అత్త స్నానాల గదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. మా ఊరి డాక్టరు చూసి, ఎముకల డాక్టర్లు తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో బాగా చూస్తారు, ఆలస్యం చేయకుండా తీసుకెళ్ళండి అన్నాడు. అది ముహూర్తాల కాలం. అంగడి మూసే వీలు లేక మా ఆయన వస్తూ పోతూ ఉన్నాడు. అత్త దగ్గర నేను ఉండిపోయాను.

పడక పక్కన రోజంతా కూర్చోనివ్వరు. వరండాలోకి వచ్చి చోటు వెతుక్కుంటుంటే ఒకామె తన చాప కొంచెం జరిపి పిలిచింది. ఎలవూరు మనిషి. మొగుడు లారీల్లో సరుకెత్తేవాడు, బస్తాలు మీద పడి కాలు విరిగింది. ఈమె ఒక కంపెనీలో షిఫ్టు పని చేస్తుంది. లీవు పెట్టి వచ్చి చాలా రోజులైంది. ఆ మూల ఆమెకు పట్టా రాసిచ్చినట్టే ఉండేది. కిటికీకి తాడు కట్టి గుడ్డలు ఆరేసింది. బకెట్టు, దిండు, ఊరగాయ సీసా, విసనకర్ర, అన్నీ ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెను అడక్కుండా చాప పరిచేవాళ్ళు కారు.

"యాడ మీది?" అని అడిగింది.

"తిరుత్తణి."

"సాపాటు ఏం చేస్తావు?"

తెలియదన్నాను. ఆమె జాలిగా చూసి నాకు లోకజ్ఞానం చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దన ఇడ్లీ బండొస్తాది. ఇడ్లీ బాగుంటాది, చట్నీ వట్టి నీళ్ళు. ఆదివారం చర్చోళ్ళు గుడ్డు పెడతారు, దానికి ముందే పోయి నిలబడల్ల. గురువారం సాంబార్ సాదం వాళ్ళొస్తారు. వాళ్ళ కడుపు చల్లగుండ."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు పసుపు బండి," అంది, ఏదో రోగం పేరు చెప్పినట్టు. "ఒగాయన పది రూపాయలు తీసుకోని, అరగంట మాట్లాడి, పసుపన్నం ఇస్తాడు. గొంతులో పెట్టుకుంటే దిగదక్కా. ఆ అన్నం వండేవాళ్ళకు ఉప్పంటే ఏందో తెలీదు."

నా గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు వదల్లేదు. చేతులు కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

మరుసటి రోజు మా ఆయన రాలేకపోయాడు. డాక్టర్లు వచ్చే వేళని, ఎక్సరే అని, రక్తం సీసా పట్టుకుని ఈ గది నుంచి ఆ గదికని తిరిగి నేను బయటపడేసరికి క్యాంటీనులో టీ తప్ప ఏమీ మిగల్లేదు. ముందు రోజు సాయంత్రం తిన్న బన్నే కడుపులో ఉంది. కళ్ళు తిరుగుతున్నాయి. అప్పుడు గేటు దగ్గర మైకు వినిపించింది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని ప్రెసిడెంటన్న గొంతు.

ఎలవూరామె నన్ను లేపింది. "రా. తినకుంటే పడిపోతావు. ముందు ఆ కమ్మలు తీసి ముడేసుకో. సెల్లు రవికెలో దాచుకో. ముఖం కొంచెం దిగులుగా పెట్టుకో అక్కా. నీది బాగా తిన్న ముఖం."

కమ్మలు తీశాను. మా అంగడి పాత్రలో మా వీధివాళ్ళు వండిన అన్నం కోసం, నేను అవసరమున్న మనిషినని నమ్మించడానికి, తలవంచుకుని లైనులో నిలబడ్డాను. ఆకలప్పుడు సిగ్గు ఎక్కువసేపు నిలవదు. కాసేపటికి నా ముందున్న మనిషి పక్కకు జరిగి ఇంకొకరిని దూర్చుకుంటుంటే నేనే గట్టిగా అరిచాను.

ప్రెసిడెంటన్న లైను వెంబడి వచ్చాడు. ముందు నా చెవులు చూశాడు. బోసిగా ఉన్నాయి. సరేనన్నట్టు తలూపాడు. ఆ తర్వాత ముఖం చూశాడు.

"ఏమ్మా, నువ్వా? లైన్లో నువ్వేం చేస్తాండావు?"

"అత్త దగ్గరుండా గదన్నా. ఆకలేస్తాంది."

ఆ రెండో మాట ఆయనకు వినపడలేదో, లేక నా నోటి నుంచి వచ్చింది గనక నమ్మలేదో తెలియదు. నా చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి నడిపించి మైకు అందుకున్నాడు. "ఈ పొద్దు మన అదృష్టం. మీరింతకాలం తింటాండే అన్నం వండిన చెయ్యి ఇదే. ఆమె చేత్తోనే ఈ పొద్దు పంచుతాది."

లైను మొత్తం నా వైపు తిరిగింది. అంతమంది ఒకేసారి నన్ను చూడటం నా పెళ్ళి తర్వాత అదే మొదలు. అయితే ఆ చూపులో దీవెన లేదు. పొట్లం తీసుకుంటూ ఒక పెద్దాయన, "నువ్వేనామ్మా అది," అన్నాడు. తిట్టలేదు, అంతే అన్నాడు. ఎలవూరామె వంతు వచ్చినప్పుడు ఆమె నా ముఖం చూడకుండా రెండు పొట్లాలు లాక్కుని వెళ్ళిపోయింది. నాకొకటి పక్కన పెట్టుకుందామని ప్రతిసారీ అనుకున్నాను. ప్రతిసారీ ఎదురుగా ఒక చెయ్యి ఉంది. చూస్తుండగానే గంప అడుగు కనబడింది.

"చూసినావామ్మా," అన్నాడు ప్రెసిడెంటన్న, "ఒగటి గూడా మిగల్లే. అంత డిమాండు." ఫోటో తీయించాడు. ఖాళీ గంప పట్టుకుని నన్ను నవ్వమన్నాడు. అక్క మాత్రం బండెక్కుతూ వెనక్కి తిరిగి, "నువ్వు తిన్నావా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు బండి కదిలింది.

వరండాకు తిరిగొచ్చి చాప అంచు మీద కూర్చున్నాను.

"ముందే చెప్పుంటే ఉప్పు సంగతి కొంచెం మెత్తగా చెప్పుందును గదా," అంది ఎలవూరామె.

"ఈ పొద్దు నేను వండలేదు," అన్నాను.

"నువ్వు వండిన దినం గూడా ఇట్లే ఉండె." ఒక పొట్లం నా వైపు తోసింది. "తిను. నీగ్గూడా తెలియల్ల." తోశాక మనసొప్పక ఊరగాయ సీసా కూడా మూత తీసి పెట్టింది.

తిన్నాను. అన్నం పుల్లలు పుల్లలుగా ఉంది. నిమ్మ ఉప్పు గొంతులో గీసుకుపోయింది. పసుపు పచ్చివాసన. కరివేపాకు ఒక్క రెబ్బ కనిపిస్తే పండగలా అనిపించింది. అయినా మెతుకు మిగల్చలేదు. కాగితం మీద ప్రెసిడెంటన్న చేతులు జోడించి నన్నే చూస్తున్నాడు.

ఆ సాయంత్రానికి వార్త వార్డు వార్డుకూ పాకింది. పసుపు బండి మనిషి మూడో వరండాలో ఉందని. ఒక్కొక్కరే వచ్చి నా ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. ఎలవూరామె పక్కన కూర్చుని ఎవరెంతసేపు మాట్లాడాలో చెబుతోంది.

"ఆ సారు మాట్లాడకుండా ఇస్తే బాగుంటాదమ్మా. ఆడ లైన్లో ఉంటే ఈడ డాక్టరొచ్చి పొయ్యేస్తాడు," అన్నాడు ఒకతను.

"మాట్లాడనీలే, పొద్దు పోతాది," అన్నాడు మధ్యాహ్నం పొట్లం తీసుకున్న పెద్దాయన. "మైకు ఇంకొంచెం గట్టిగా పెట్టమను. నాకు చెవుడు."

ఒకామె చాలాసేపు తటపటాయించి, కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది. "కోపం తెచ్చుకోవద్దక్కా. మా ఆయన ఆ పొట్లం ముట్టుకోడు. దానిమింద ఆ బొమ్మ చూసి, ఆయనెవరో చచ్చిపోయినాడు, ఇది పదహారో దినం అన్నం అనుకుంటాడు. నేనెంత చెప్పినా వినడు. పాపం, చిన్న వయసులోనే పొయినాడే అంటాడు."

వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ బొమ్మను నేను వందలసార్లు అంటించాను. చేతులు జోడించి, చుట్టూ పూలతో, అది అచ్చంగా సంతాపం పోస్టరే.

అత్తకు ఆపరేషనయి, ఇంటికొచ్చి, మంచం మీద నుంచే కోడలి పనికి వంకలు పెట్టేంత కోలుకున్నాక మీటింగు జరిగింది. విన్నవన్నీ చెప్పాను. ప్రెసిడెంటన్నకు నచ్చలేదు.

"తీసుకునేవాళ్ళకు ఇంత నోరుంటే వాళ్ళు పేదోళ్ళెట్లయినారు?" అన్నాడు.

"సాంబారన్నం చేద్దామన్నా. ఉప్పు వేద్దాం. ఒగ ఉర్లగడ్డ వేపుడు పెడదాం."

"పది రూపాయలకు గిట్టదు."

"స్టిక్కరు తీసేస్తే గిట్టుతాది."

స్టిక్కరు ఎందుకు తీయాలో చెప్పమన్నాడు ప్రెసిడెంటన్న. చెప్పకూడదనే అనుకున్నాను. గట్టిగా అడిగేసరికి ఆ పదహారో దినం మాట చెప్పేశాను. మూల నుంచి ఒక నవ్వు వచ్చింది. కరివేపాకు చేటలో పడేసి అక్క నవ్వుతోంది. భర్త మీటింగులో ఆమె ఒక మాట విని నవ్వడం మేమెవరమూ చూడలేదు. ఆగలేక లేచి నీళ్ళు తాగడానికి కిందికి వెళ్ళింది.

ఆయన ముఖం చిన్నబోయింది. నిజంగానే బాధపడ్డాడు. అది చూస్తే నాకూ కష్టమనిపించింది. ఎంతైనా ఎండలో నిలబడి మైకు పట్టుకున్నది ఆయనే, మమ్మల్నందరినీ ఆ మిద్దె ఎక్కించిందీ ఆయనే. మిగిలిన స్టిక్కర్ల కట్ట చంకన పెట్టుకుని, ఎర్ర కుర్చీ జాగ్రత్తగా గోడకు ఆనించి, మెట్లు దిగి వెళ్ళాడు. తర్వాతి వారం రాలేదు. ఇప్పుడాయన దోమల మీద ఉన్నాడు.

ఆ సాయంత్రమే అక్క మా ఇంటికొచ్చింది. "పప్పు ఎంత నానబెట్టల్ల?" అని అడిగింది, ఏమీ జరగనట్టు. అప్పటి నుంచి పెద్దరికం ఆమెది. మైకు లేదు. పది రూపాయలు మాత్రం తీసేయలేదు. డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, ఆమె అటు తిరిగి నిలబడుతుంది. ఉన్నవాళ్ళు వేస్తారు, లేనివాళ్ళు వేసినట్టు చప్పుడు చేస్తారు. ఒకతను రోజూ డబ్బాను గట్టిగా తట్టి వెళతాడు.

దీంతో అంతా చక్కబడిందని చెప్పలేను. కుట్టి యానై ప్రెసిడెంటన్న స్నేహితుడిది గనక అది పోయింది. సంచులు మోసుకుని రైల్లో వెళుతున్నాం. ఆయన చెప్పినట్టే సాంబారన్నం ఒలుకుతుంది. నా చీరలు రెండు పోయాయి. మొదటి రోజే ఒకాయన మునక్కాయ ముక్కలు జాస్తిగా ఉన్నాయని వంక పెట్టాడు. ఉర్లగడ్డ వేపుడు పెట్టిన రోజు పప్పు ఏదన్నారు. ఎలవూరామె మొగుడు కర్ర పట్టుకుని నడిచి ఇంటికెళ్ళిపోయాడు, ఆమె మూలలో ఇప్పుడు శోళవరం నుంచి వచ్చిన ఒకామె ఉంది. ఆమెకూ నోరు తక్కువేం కాదు.

మొన్న ఆ వరండాలోనే ఒకామె పొట్లం తిరిగిచ్చింది. "పాపకు కడుపు ఆపరేషనైంది. కంజి తప్ప ఏమీ ఇయ్యగూడదన్నారు. మీరు కంజి తెస్తారా?" అని అడిగింది.

తెస్తామని అక్క చెప్పేసింది. పలచటి గంజిని ఎలా కట్టాలన్నదే తెలియలేదు. డబ్బాలకు మూతలు సరిగా పడలేదు. చివరికి టీ అంగడివాళ్ళు టీ కట్టిచ్చినట్టు కవర్లలో పోసి రబ్బరుబ్యాండు వేశాం. వేడి మీద పోయకూడదన్న సంగతి అరక్కోణం దాటాక తెలిసింది. రెండు కవర్లు ఒకేసారి పగిలి, ఎదురు సీట్లో కూర్చున్నతని ప్యాంటు మీద పడింది. ఆఫీసుకు ఇస్త్రీ చేసుకుని బయల్దేరిన మనిషి. తమిళంలో మమ్మల్ని చాలా మాటలన్నాడు. అక్క కొంగుతో తుడవబోతే చెయ్యి తోసేశాడు. కాసేపటికి, "యారుక్కు ఇదు?" అన్నాడు, ఎవరికి అని. ఆపరేషనైన చిన్న పాపకు అని చెప్పాం.

ఆయన తన సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, అందులో ఉన్నది కాగితంలోకి వంపుకుని, మిగిలిన కంజిని డబ్బాలో పోయించుకుని మూత బిగించాడు. తిరువళ్ళూరు వచ్చేదాకా దాన్ని ఒళ్ళో నిలబెట్టి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మేం దిగేటప్పుడు డబ్బా చేతికిచ్చాడు. ఎలా తిరిగివ్వాలని అడిగితే, రేపు ఇదే రైలుకు వస్తానన్నాడు. ఆ ప్యాంటు మీద కంజి అప్పటికే గట్టిపడి తెల్లగా కనిపిస్తోంది.